మన కుక్కపిల్లే కదా అనుకోకండి!

గౌలిపురా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరూ, ఇంటి నెంబరూ ప్రకటించవద్దని కోరారు.

"డాక్టరుగారూ! మా బాబుకి తొమ్మిదేళ్ళు. కుక్కపిల్ల కావాలని రెండేళ్ళుగా ప్రాణం తీస్తున్నాడు. వాడి పోరు పడలేక మావారు ఈమధ్య దిక్కులేని జంతువుల్ని చేరదీసే ఆశ్రమానికి వెళ్ళి ఒక పిల్లని తెచ్చారు. మామూలు ఊరకుక్క జాతే. వయసు రెండున్నర నెలలని చెప్పారు. డబ్బు తీసుకోలేదు. ఏదో టీకా వేసినట్టు ఒక కార్డు కూడా ఇచ్చారు. మొన్న ఆదివారం ఆడుకుంటూ వుంటే ఆ పిల్ల బాబు వేలు కొరికింది. పన్ను గుచ్చుకుని ఒక చుక్క రక్తం వచ్చింది. మా అత్తమ్మ పసుపూ సున్నం కలిపి పెట్టారు. 'పాలపండ్లు గుచ్చుకుంటే ఏమైతది? మన కుక్కపిల్లనే కదా' అంటున్నారు. టీకా వేసిన పిల్లకి భయమేమిటని మావారు. నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నాకిప్పుడు నాలుగో నెల. ఆ పిల్లని వెనక్కి ఇచ్చేయమంటారా? బాబుకి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు తప్పవా?"

ఇలాంటి ఉత్తరానికి పత్రికలో జవాబు పడేదాకా ఆగకూడదు. ఉత్తరం చివర ఫోన్ నెంబరు వుంది కనుక చదివిన వెంటనే మాట్లాడాను. "అమ్మా, ఈరోజే బాబుని తీసుకుని నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి వెళ్ళండి. అప్పుడే నాలుగు రోజులైంది కదా అని ఊరుకోవద్దు. ఆలస్యమైనా సరే, ఇంజెక్షను మొదలుపెట్టవలసిందే" అని చెప్పాను. కార్డు మీద ఏముందో చదవమన్నాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివారు. 'డి.హెచ్.పి.పి.' అని వుంది, తేదీ వుంది. ఆ కింద 'రేబిస్' అని అచ్చువేసిన గడి ఖాళీగా వుంది.

ఆశ్రమంవాళ్ళ తప్పేమీ లేదు. కుక్కలకి రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు. ఆ పిల్లకి వేసింది వేరే జబ్బులకి, అంటే పార్వో, డిస్టెంపర్ వగైరా కుక్కల జబ్బులకి. అది కుక్క ప్రాణం కాపాడే టీకా. మన ప్రాణం కాపాడే టీకా వేరు. ఆ భర్తగారు 'టీకా వేసిన పిల్ల' అన్నమాట నిజమే. ఏ టీకా అన్నది చూడలేదు, అంతే.

ఈ ఒక్క ఉత్తరంలో మూడు పొరపాట్లున్నాయి. పాలపళ్ళే కదా అనుకోవడం ఒకటి, టీకా వేశారు కదా అనుకోవడం రెండోది, మన కుక్కే కదా అనుకోవడం మూడోది. ఈ మూడోదే అన్నిటికంటే ప్రమాదం. వీధికుక్క కరిస్తే ఎవరైనా పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి వస్తారు. ఇంట్లో పెరిగే పిల్ల పన్ను గుచ్చుకుంటే దాన్ని కాటు అని కూడా అనరు. "ఆడుకుంటూ కొంచెం గీరింది" అంటారు.

2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ జిల్లాలో ఒక కబడ్డీ ఆటగాడు చనిపోయిన వార్త మీరూ చదివే వుంటారు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. కాలవలో పడిన కుక్కపిల్లని జాలిపడి బయటికి తీశాడు. అది వేలు కొరికింది. చిన్న గాయమే కదా అని ఇంజెక్షను వేయించుకోలేదు. కొన్ని వారాల తరువాత నీళ్ళు చూసి భయపడే స్థితి వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2024లో, మన విశాఖ దగ్గర భీమిలిలో పెంపుడు కుక్క కరిచిన తరువాత ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు రోజుల తేడాలో పోయారు.

రక్తం చుక్క రాగానే ఏం చేయాలి?

రేబిస్ అనేది కుక్క లాలాజలంలో వుండే సూక్ష్మమైన వైరస్ వల్ల వచ్చే జబ్బు. కాటు ద్వారా మన ఒంట్లో ప్రవేశించి, నరాల వెంబడి మెల్లగా మెదడు వైపు పాకుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారం పది రోజులే కావచ్చు, ఏడాది కూడా కావచ్చు. మెదడుకి చేరి లక్షణాలు కనిపించాయంటే ఆ తరువాత చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. ప్రపంచంలో ఇంత నిక్కచ్చిగా ప్రాణం తీసే జబ్బు మరొకటి లేదు. అలాగే ఇంత నిక్కచ్చిగా ముందే ఆపగలిగిన జబ్బులు కూడా చాలా తక్కువ. ఆ రెండిటి మధ్యా మనకి మిగిలేవి ఆ ప్రయాణపు రోజులే.

నేను హౌస్‌సర్జన్‌గా వున్న రోజుల్లో ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. గ్లాసు నోటి దగ్గర పెడితే గొంతు పట్టేసి విలవిల్లాడిపోతున్నాడు. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. కుక్క కరిచిందా అని ఎన్నిసార్లు అడిగినా తండ్రి లేదనే చెప్పాడు. చివరికి ఆ పిల్లవాడి అక్క, పదేళ్ళది, "మన చిట్టిగాడు కరిచిండు కదా నాన్నా, ఆ చచ్చిపోయిన కుక్కపిల్ల" అంది. ఆ తండ్రి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. వాళ్ళ లెక్కలో చిట్టిగాడు కుక్క కాదు, ఇంట్లో మనిషి.

కనుక ఇంట్లోవాళ్ళందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, గీరినా ముందు కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పదిహేను నిమిషాలంటే గడియారం చూసి పదిహేను నిమిషాలు. నీళ్ళ ధారకీ సబ్బుకీ ఆ వైరస్ చాలామటుకు చచ్చిపోతుంది, కొట్టుకుపోతుంది. మంచం పక్కన కూర్చుని మంత్రం పెట్టించేకన్నా ఈ పదిహేను నిమిషాలు వెయ్యిరెట్లు మేలు. తరువాత అయొడిన్ మందు రాయవచ్చు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, కిరసనాయిలు మాత్రం పెట్టకండి. వాటివల్ల గాయం మండి, చుట్టూ కండ చెడి, వైరస్ లోపలికి పోయే అవకాశం పెరుగుతుంది. కట్టు కట్టకండి. కుట్లు వేయించకండి.

ఆ తరువాత ఆసుపత్రి. పన్ను ఆని చర్మం కొద్దిగా గీరుకుని రక్తం రాకపోతే ఇంజెక్షన్లు చాలు. రక్తం కనిపించిందంటే, అది ఒక్క చుక్కయినా సరే, ఇంజెక్షన్లతో పాటు గాయంలోనే వేసే 'ఇమ్యూనోగ్లోబ్యులిన్' అనే మందు కూడా కావాలి. ఇంజెక్షను వల్ల మన ఒంట్లో రక్షణ తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ లోపల కాపలా కాయడానికి ఈ మందు. మొదటి ఇంజెక్షను వేసిన ఏడు రోజుల లోపలే దీన్ని వేయాలి. చాలామంది ఇంజెక్షను వేయించుకుని ఇది వదిలేస్తారు. "గాయంలో వేసే మందు కూడా అవసరమా?" అని మీరే నోరు తెరిచి అడగండి. మొహమాటపడవద్దు.

పద్నాలుగు ఇంజెక్షన్ల మాట పాతబడింది

ఆ సోదరికే కాదు, మన ఇళ్ళలో పెద్దవాళ్ళందరికీ కుక్కకాటు అనగానే బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు ఇంజెక్షన్లే గుర్తొస్తాయి. ఆ భయంతో ఎంతమంది ఆసుపత్రి గడప తొక్కకుండా వుండిపోయారో! అది గొర్రె మెదడు నుంచి తయారుచేసిన పాతకాలపు మందు. డేవిడ్ సెంపుల్ అనే ఆయన హిమాచల్‌లోని కసౌలీలో 1911లో తయారుచేశాడు. దాని బాధలు దానికి వున్నాయి. 2005 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది.

ఇప్పుడు వేసేది జబ్బసత్తువ మీద. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరలోకి, రెండు చేతులకీ కొద్దికొద్దిగా వేస్తారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగుసార్లు వెళ్తే అయిపోయింది. కండలోకి వేసే పద్ధతి అయితే అయిదుసార్లు. మొదటి ఇంజెక్షను వేసిన రోజుని సున్నాగా లెక్కపెట్టుకోవాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. గర్భిణీ స్త్రీలకి కూడా ఇవి వేయవచ్చు. కడుపులో బిడ్డకి హాని లేదు. పథ్యం ఏమీ లేదు.

"కుక్కని పది రోజులు చూసి, బాగుంటే ఇంజెక్షను మానేయవచ్చు కదా" అని అడిగేవాళ్ళున్నారు. ఈ పది రోజుల లెక్కలో నిజం లేకపోలేదు. కుక్కకి జబ్బు లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందునుంచే లాలాజలంలో వైరస్ వస్తుంది. కనుక కరిచిన కుక్క పది రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా వుంటే ఆ కాటువల్ల రేబిస్ రాదు. కానీ ఇంజెక్షను మొదలుపెట్టి కుక్కని చూస్తూ వుండాలి గానీ, కుక్కని చూస్తూ ఇంజెక్షను కోసం ఆగకూడదు. మిగతా డోసుల సంగతి పదో రోజున మీకు ఇంజెక్షను వేస్తున్న డాక్టరు నిర్ణయిస్తారు. మీకు మీరు మానేయకండి.

మరి తెచ్చుకోవద్దా?

ఇదంతా చదివి, "అమ్మో, ఆశ్రమం నుంచి కుక్కపిల్ల వద్దే వద్దు" అనుకుంటే నా ఉద్దేశ్యం చెడినట్టే. నేను తెచ్చుకోమనే అంటాను.

పాతబస్తీలో పెంపుడు ప్రాణులంటే తరతరాలుగా మహబూబ్‌చౌక్ పక్కన ముర్గీచౌక్ గుర్తొస్తుంది. కోళ్ళూ, పావురాలూ, రంగురంగుల పిట్టలూ. లాడ్‌బజార్‌కి వెళ్ళినవాళ్ళు పిల్లల పోరు పడలేక అటు ఒక అడుగు వేసి రావడం మామూలే. (మన రామచిలకని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇది చాలామందికి తెలియదు.) ఎక్కడినుంచో తెచ్చిన, తల్లి ఎవరో తెలియని, నెలైనా నిండని కుక్కపిల్లని బుట్టలో పెట్టి అమ్మితే కొనుక్కోవడం కంటే, డాక్టరు చూసిన పిల్లని, కార్డుతో సహా తెచ్చుకోవడమే ఆరోగ్యరీత్యా మంచిది. పైగా ఊరకుక్క మన ఎండకీ, మన వానకీ తట్టుకుంటుంది. మందపాటి బొచ్చున్న చలిదేశం కుక్కని మే నెలలో శాలిబండ మేడమీద కట్టేసేవాళ్ళని చూస్తే నాకు ఆ కుక్కమీద జాలీ, యజమాని మీద కోపమూ వస్తాయి.

హైదరాబాదులో ఈ పని కొత్తది కాదు. అమల అక్కినేని గారు 1992లో బ్లూక్రాస్ సంస్థని ప్రారంభించారు. 2025 ఆగస్టు 17న జి.హెచ్.ఎం.సి. వారే బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధికుక్కల పిల్లల దత్తత మేళా పెట్టారు. అదే నెల 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో దత్తత ప్రస్తావన కూడా వుంది. వీధికుక్కని పెంచుకోదలచినవాళ్ళు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి గుర్తు వేసి అప్పగిస్తారు, అయితే ఆ కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడవలసిన బాధ్యత తీసుకున్నవాళ్ళదే అని కోర్టు చెప్పింది. నాకు ఈ చివరి మాట నచ్చింది. 2023 ఫిబ్రవరిలో మనకి దగ్గర్లోనే, బాగ్ అంబర్‌పేటలో, నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు పొట్టన పెట్టుకున్న సంగతి ఎవరు మరిచిపోగలరు? ముద్దు తీరాక రోడ్డున వదిలేసిన ప్రతి కుక్కా ఆ మందలో చేరేదే.

వీధిలో చెవి చివర కత్తిరించినట్టున్న కుక్కల్ని మీరు చూసే వుంటారు. అంటే దానికి కుటుంబనియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు. ఆపరేషన్‌తో పాటు ఒకసారి రేబిస్ టీకా కూడా వేస్తారు. "చెవి కోసిన కుక్క, భయం లేదు" అని కొందరు ధైర్యంగా వుంటారు. ఆ టీకా ఏడాదికొకసారి మళ్ళీ వేయాలి. చెవి కత్తిరింపు మీద తేదీ వుండదు! అలాంటి పెద్ద కుక్కని ఇంటికి తెచ్చుకున్నా మళ్ళీ టీకా వేయించండి. నష్టమేమీ లేదు.

ఇంటికి వచ్చిన మొదటి నెల

ఆశ్రమం నుంచి తెచ్చిన పిల్ల అంతకుముందు ఎక్కడ తిరిగిందో, దాన్ని ఏ కుక్క కరిచిందో ఎవరికీ తెలియదు. కుక్కలో కూడా రేబిస్ బయటపడడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అందువల్ల వచ్చిననాడు హుషారుగా వుందన్నది పూచీ కాదు. తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల వుంది. పాతబస్తీవాళ్ళకి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి కూడా దూరమేమీ కాదు. కార్డులో ఖాళీగా వున్న గడులు ఏవి, ఏ తేదీకి నింపాలి అని అడిగి రాయించుకోండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. దాని తరువాతి డోసు డాక్టరు చెప్పిన తేదీకి. ఆపైన ఏటేటా. ఈ సర్టిఫికెట్టు కార్పొరేషన్ దగ్గర కుక్కని రిజిస్టర్ చేయించడానికి కూడా కావాలి.

పిల్ల వున్నట్టుండి చీకటి మూలకి చేరినా, గొంతు మారినా, మట్టీ చెక్కా కొరుకుతున్నా, దవడ వేలాడేసి చొంగ కారుస్తున్నా అనుమానించండి. రేబిస్ కుక్క అంటే వెంటపడి కరిచేదే అనుకోకండి. నోరు తెరుచుకుని, మింగలేక, మూగగా కూర్చునే రకం కూడా వుంది. "పాపం, గొంతులో ఎముక ఇరుక్కుంది" అని నోట్లో చెయ్యి పెట్టినవాళ్ళు ఎందరో వున్నారు. చెయ్యి పెట్టకండి. గదిలో వుంచి తలుపు వేసి డాక్టర్ని పిలవండి.

మొదటి రెండు వారాల్లో వాంతులూ, నెత్తురు విరేచనాలూ అయితే అది పార్వో కావచ్చు. అది మనుషులకి రాదు గానీ కుక్కపిల్లని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. ఆ పిల్ల పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకో పిల్లని తేవద్దు. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్ పౌడరుకి తప్ప లొంగదు.

ఇక ఏలికపాములు. కుక్కపిల్లకి తల్లి కడుపులో వుండగానే ఇవి సంక్రమిస్తాయి. అందుకే ఎంత బొద్దుగా వున్న పిల్లకైనా పురుగుల మందు పట్టించాలి. మూడు నెలల వరకు రెండు వారాలకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి. వీటి గుడ్లు మలంతో పాటు మట్టిలో చేరి రెండు మూడు వారాలకి ముదురుతాయి. ఆ మట్టిలో ఆడుకుని చేతులు కడుక్కోకుండా అన్నం తినే పిల్లల ఒంట్లోకి చేరితే కాలేయానికీ, కొన్నిసార్లు కంటికీ ముప్పు తెస్తాయి. మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పారేస్తే ఆ గుడ్డు ముదిరేదాకా వుండనే వుండదు.

ఆ సోదరికి ఒక ప్రత్యేకమైన మాట. గర్భంతో వున్నవాళ్ళకి భయపెట్టే 'టాక్సోప్లాస్మా' అనేది పిల్లి మలం వల్ల వచ్చేది, కుక్క మలం వల్ల కాదు. ఇంట్లో పిల్లి వుంటే దాని మలం ఎత్తే పని ఈ కొద్ది నెలలూ మావారికి అప్పగించేయండి. రోజూ ఎత్తాలి. ఒకటి రెండు రోజులు నిలవైతేనే అది అంటుకునే స్థితికి వస్తుంది. పిల్లిని ఇంట్లోంచి వెళ్ళగొట్టనక్కరలేదు. పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు బాగా కడుక్కోండి.

మాంసం అంటే గుర్తొచ్చింది. మన పాతబస్తీలో మటన్ దుకాణం లేని వీధి లేదు. కుక్కకి పెట్టమని గొర్రె ఊపిరితిత్తులూ, కాలేయం ముక్కలూ ఊరికే ఇచ్చేస్తారు. బక్రీద్ రోజుల్లో అయితే చెప్పనే అక్కరలేదు. వాటిని పచ్చిగా పెట్టకండి. గొర్రె అవయవాల్లో వుండే నీటితిత్తులు కుక్క కడుపులో బద్దెపురుగులవుతాయి. ఆ పురుగు గుడ్లు కుక్క బొచ్చుకి అంటుకుని మన చేతికీ, చేతినుంచి నోటికీ వస్తాయి. మన కాలేయంలో ఏళ్ళ తరబడి నిమ్మకాయంత, కొబ్బరికాయంత తిత్తి పెరుగుతుంది. ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు వున్నారు. బాగా ఉడకబెట్టి పెడితే ఈ గొడవే లేదు. ఉడికిన ఎముకలు మాత్రం వద్దు. పెళుసెక్కి విరిగి పేగులో గుచ్చుకుంటాయి.

పిడుదులు, గజ్జి, తామర ఇవన్నీ వున్నాయి. చర్మం మీద బొచ్చు ఊడిన మచ్చ కనిపిస్తే చూపించండి. ఇంట్లో పిల్లల ఒంటిమీద గుండ్రటి దురద మచ్చలు వస్తే వాళ్ళకీ చూపించండి. ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి.

ఇల్లు చిన్నది, గోడ ఉమ్మడిది

గౌలిపురా, ఉప్పుగూడ, ఛత్రినాక, అలియాబాద్ ఇళ్ళు నేను ఎరుగుదును. రెండు గదులు, ఒక వంటిల్లు, నాలుగు కుటుంబాలకి ఒకటే మెట్లదారి. కుక్కని తెచ్చే ముందు ఇంట్లో అందరి చేతా ఊ అనిపించుకోండి. ముఖ్యంగా పగలంతా ఇంట్లో వుండే అత్తగారి చేత. ఆమెకి ఇష్టం లేకుండా తెచ్చిన కుక్క మూడో నెలలో వీధిలో వుంటుంది.

పక్కింట్లో ముస్లిం కుటుంబం వుంటే వారికో మాట ముందే చెప్పండి. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసే ఇళ్ళు అవి. కుక్క నాలుక తగిలితే మాత్రం నమాజుకి ముందు శుభ్రంగా కడుక్కోవాలని వారి ఆచారం. మీ కుక్క ఉమ్మడి మెట్లమీద తిరిగి, ఎదుటివాళ్ళ బట్టలు నాకితే అది వారికి నిజంగానే ఇబ్బంది. వైద్యుడిగా చూసినా, కుక్క నాకిన చోటు కడుక్కోమనే నేనూ చెబుతాను. పుండు మీద నాకితే అది కాటుతో సమానం.

ఇంకొక సంగతి. లాల్‌దర్వాజ బోనాల డప్పులకీ, దీపావళి టపాకాయలకీ, పెళ్ళి బరాత్‌ల బాజాలకీ కొత్తగా వచ్చిన కుక్కపిల్ల హడలిపోతుంది. హడలిన కుక్క ఎంత సాధువైనా కరుస్తుంది. ఆ రోజుల్లో లోపలి గదిలో వుంచి తలుపు దగ్గరగా వేయండి. పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి. తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ దాన్ని ముట్టుకోవద్దని పిల్లలకి ముందే నేర్పండి. రేబిస్ అనుమానం వున్న జంతువులు కరిచినవాళ్ళలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లలకి ఇంకో మాట కూడా చెప్పి వుంచండి. కుక్క కరిస్తే ఎవరూ తిట్టరు, వచ్చి చెప్పాలి అని. కుక్కని ఇంట్లోంచి పంపేస్తారనే భయంతో గాయాన్ని చొక్కా చేతి కింద దాచుకునే పిల్లలు వున్నారు.

ఇన్ని చేయలేమనిపిస్తే తెచ్చుకోకండి. అందులో సిగ్గుపడవలసింది లేదు. తెచ్చాక కుదరకపోతే తెచ్చిన చోటికే తీసుకెళ్ళి అప్పగించండి. రాత్రిపూట మూసీ అవతల వదిలేసి రాకండి.

మళ్ళీ ఆ ఉత్తరం సంగతి. ఫోన్ చేసిన సాయంత్రమే ఆ దంపతులు బాబుని నారాయణగూడ తీసుకెళ్ళారు. వేలిలో మందు వేసేటప్పుడు కొంచెం ఏడ్చాడట. జబ్బకి వేసిన ఇంజెక్షను మాత్రం 'ఇంతేనా' అన్నాడట. కుక్కపిల్లని వెనక్కి ఇవ్వనక్కరలేదని చెప్పాను, పది రోజులు కట్టేసి జాగ్రత్తగా చూడమన్నాను. ఇది అచ్చుకి పంపే ముందు ఆమె మళ్ళీ ఫోన్ చేశారు. పది రోజులు దాటాయి, పిల్ల బాగానే తింటోంది, అత్తమ్మే దానికి పెరుగన్నం కలిపి పెడుతున్నారట. బాబుకి ఇరవై ఎనిమిదో రోజు ఇంజెక్షను ఇంకా వుంది, దానికి వెళ్ళాలా అని అడిగారు. వెళ్ళమనే చెప్పాను. కుక్కపిల్లకి మూడు నెలలు వచ్చే శుక్రవారంతో నిండుతాయి. ఆ ఖాళీ గడి నింపించడానికి శనివారం రాజేంద్రనగర్ వెళ్తున్నారు.